నీలం కిరోసిన్

మావయ్యగారు కృష్ణా జిల్లా పౌర సరఫరాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చౌకగా ఇచ్చే సరుకు ఎవరి పేరున బయల్దేరి ఎవరింటికి చేరుతోందో ఆరా తీయకుండా ఉండలేరు. 2012 జనవరిలో కాలిఫోర్నియా, ఫ్రీమాంట్‌లోని కూతురింటికి వచ్చారు. అక్కడ ఆరా తీయడానికి రేషన్ షాపులు లేవు గానీ, అల్లుడు ఉన్నాడు.

ఫిబ్రవరి మొదట్లో ఓ రాత్రి అల్లుడు ల్యాప్‌టాప్ ముందునుంచి లేవకపోయేసరికి సంగతేమిటని అడిగారు.

"బ్లాక్‌బెర్రీ వాళ్లు ప్లేబుక్ అనే టాబ్లెట్ ఊరికే ఇస్తున్నారండి. మన ఆండ్రాయిడ్ యాప్‌ని 13వ తేదీలోగా వాళ్ల స్టోర్‌కి పంపితే చాలు."

"ఊరికే ఎందుకిస్తారూ?"

అల్లుడు కథంతా చెప్పాడు. నిరుడు ఏప్రిల్‌లో 499 డాలర్లకు వదిలిన సరుకది. సొంత ఈమెయిల్ యాప్ కూడా లేకుండానే బజార్లోకి వచ్చింది. యాప్‌లు లేవని జనం కొనలేదు, జనం కొనలేదని డెవలపర్లు యాప్‌లు రాయలేదు. అమ్ముడుపోని టాబ్లెట్ల పద్దు కింద కంపెనీ డిసెంబర్లో 48.5 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. అందుకే ఇప్పుడు డెవలపర్లకు ఈ ఎర.

"ఇక్కడ ఇది మామూలేనండి. 2008లో గూగుల్ డెవలపర్ల కోసమే ఒక ఫోను తెచ్చింది. 25 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుంటే, కాంట్రాక్టు గొడవ లేని ఫోను 399కి ఇచ్చేవారు. పోయినేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో తమ సభకొచ్చిన 5 వేలమందికి శాంసంగ్ టాబ్లెట్ ఊరికే పంచిపెట్టింది."

"25 కడితే కార్డు చేతికిచ్చేస్తారా? విచారణ ఉండదూ?"

"ఉండదండి."

"మరి మాబోటి మామూలు జనానికి ఇందులో ఒరిగేదేమిటి?"

"అసలు లాభం మీకేనండి మావయ్యగారూ. కంప్యూటర్లోని ఎమ్యులేటర్‌లో చక్కగా కనబడ్డ యాప్ అసలు టాబ్లెట్‌లో తన్నేస్తుంది. వేలు పెడితే సరిగా కదులుతోందా, బ్యాటరీ ఎంత తాగుతోంది, అక్షరాలు పడుతున్నాయా లేదా, ఇవన్నీ చేత్తో పట్టుకుని చూసుకోవాల్సిందే. మా చేతిలో ఒక్క టాబ్లెట్ పెడితే వెయ్యిమందికి పనికొచ్చే యాప్ తయారవుతుంది."

మావయ్యగారికి ఆ లెక్క సబబుగానే తోచింది.

అల్లుడి యాప్ తెలుగు పంచాంగం. అప్పటికే ఆండ్రాయిడ్‌లో ఉంది. బ్లాక్‌బెర్రీ వాళ్లిచ్చిన పనిముట్టుతో, కోడ్‌లో ఒక్క గీతయినా మార్చకుండా, ఆ రాత్రే ప్లేబుక్‌కి అనువైన మూటగా కట్టి పంపేశాడు.

కొన్ని వారాలకు పెట్టె వచ్చింది. మావయ్యగారే అందుకుని, టేబుల్ మీద పెట్టి, అల్లుడు ఆఫీసునుంచి వచ్చేదాకా దాని చుట్టూ తిరిగారు. అల్లుడు వచ్చాడు. పెట్టెకు నాలుగు పక్కలా ఫొటోలు తీసి, 'సీలు తీయలేదు' అని రాసి క్రెయిగ్స్‌లిస్ట్‌లో పెట్టాడు. మర్నాటి సాయంత్రం ఓ పార్కింగ్ లాట్‌లో ఎవరో కుర్రాడు 150 డాలర్లు లెక్కపెట్టి పట్టుకుపోయాడు.

"తెరిచైనా చూడలేదేమండీ?" అన్నారు మావయ్యగారు.

"తెరిస్తే రేటు పడిపోతుందండి."

"మా రోజుల్లో రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేవారు అల్లుడుగారూ, లారీ ట్యాంకులో తేలితే పట్టుకోవడానికి. మరి దీనికేం కలిపారు?"

అల్లుడు నవ్వేశాడు. "దీనికేం కలపలేదండి. అయినా కొన్నవాడికి షాపు ధరకన్నా చవగ్గా వచ్చిందిగా. మీరడిగిన మామూలు జనానికి మేలు జరిగినట్టే."

మావయ్యగారు ఇంకేమీ అనలేదు.

పిల్లల్ని చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లు పొద్దున్నే లేక్ ఎలిజబెత్ చుట్టూ నడుస్తారు. ఆ గుంపులో గుడివాడ పెద్దాయన ఒకరు మావయ్యగారికి జత. ఓ రోజు ఆయన బెంచీ మీద కూర్చుని సంచీలోంచి ప్లేబుక్ తీశారు.

"మావాడు కొనిపెట్టాడండీ. సీలు విప్పని సరుకు, 150కే. కానీ ఏకాదశి ఎప్పుడో చూసుకుందామంటే దీని దుంపతెగ, ఇదిగో చూడండి."

తెరమీద తెలుగు పంచాంగం. తిథి ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు. నక్షత్రం చోట గళ్లు. రాహుకాలం చోటా గళ్లే. ఒక్క తెలుగక్షరం పడలేదు. అట్టడుగున ఇంగ్లీషులో ఉన్న డెవలపర్ పేరొక్కటే స్పష్టంగా కనబడుతోంది.

"ఎవడండీ వీడు? ఒక్కసారైనా దీన్లో పెట్టి చూసుకోడూ!" అన్నారు పెద్దాయన.

మావయ్యగారు ఆ పేరు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత పెద్దాయనతో ఏదో మాట్లాడారు.

ఇంటికొచ్చాక టిఫిన్ తింటున్న అల్లుడి ముందు ఆ ప్లేబుక్ పెట్టారు.

"ఇదెక్కడిదండీ, కొన్నారా?"

"లేదు, అరువు తెచ్చాను. యాప్ సరిగా రావాలంటే వస్తువు డెవలపర్ చేతిలో ఉండాలన్నారుగా. పాపం ఆయన మామూలు మనిషి, అడగ్గానే ఇచ్చారు."

అల్లుడు తెర వంక చూసి తలొంచుకున్నాడు.

"రేపు పొద్దున్న వాకింగ్‌లో తిరిగిచ్చేయాలి. ఈలోగా అమ్మేయకండి, అల్లుడుగారూ."