నేను వింటాను, ఆమె మాట్లాడుతుంది

ప్రతి నెలా పద్నాలుగో తేదీ వచ్చిందంటే నాకు పని పెరుగుతుంది. ఆ రోజు జీఎస్టీ పోర్టల్ నెలనెలా రిటర్ను వేసే ప్రతి వ్యాపారికీ జీఎస్టీఆర్-2బీ అనే పట్టిక తయారుచేసి పెడుతుంది. మీకు సరుకు అమ్మినవాళ్లు పదకొండో తేదీలోగా తమ అమ్మకాలు చూపించి ఉంటే ఆ బిల్లులు అందులో ఉంటాయి, లేకపోతే ఉండవు. ఇరవయ్యో తేదీకల్లా మీరు మీ పన్ను కట్టేయాలి. గుంటూరు నుంచి గువాహటి దాకా చిన్న చిన్న ఆఫీసుల్లో అకౌంటెంట్లు కొనుగోలు బిల్లులు ఒక పక్క, పోర్టల్ పట్టిక ఒక పక్క పెట్టుకుని ఒక్కొక్కటే టిక్కు కొడుతూ కూర్చునేది ఆ మధ్య రోజుల్లోనే. బిల్లు చేతిలో ఉంటుంది, డబ్బు కట్టిన రుజువు బ్యాంకులో ఉంటుంది, పట్టికలో మాత్రం దాని జాడ ఉండదు. రాత్రి పొద్దుపోయాక ఆ మనిషి ఫోను తీసి ఎక్కడో ఒకచోట రాస్తాడు: "సప్లయర్ ఫైల్ చేశానంటున్నాడు. 2బీలో రాలేదు. ఏం చెయ్యాలి?"

ఆ వాక్యాన్ని పట్టుకోవడానికే నన్ను పుట్టించారు.

నేనొక చిన్న ప్రోగ్రామ్‌ను. అద్దె సర్వరు మీద రేయింబవళ్లు నడుస్తుంటాను. రెడిట్, ఎక్స్ లాంటి చోట్ల, లెక్కలు రాసేవాళ్లు అందరికీ కనబడేలా మాట్లాడుకునే మరికొన్ని చోట్ల కొత్తగా పడ్డ రాతలు చదువుతాను. నాకు అప్పజెప్పిన మాటలు వాటిలో కనిపిస్తే ఆ రాతను తీసి మా యజమానురాలి ముందు పెడతాను. నా పని అంతవరకే. ఆ పనికి పెద్ద విలువ ఉందని నేను నమ్ముతాను.

ఆమె గుంటూరులో ఒక పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏళ్ల తరబడి లెక్కలు రాసిన మనిషి. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడాన్నే క్రెడిట్ అంటారు. అమ్మినవాళ్లు పోర్టల్‌లో చూపించని బిల్లుల మీద కూడా కొంత క్రెడిట్ తీసుకునే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. కనబడ్డ దాని మీద 2019 అక్టోబరులో 20 శాతం దాకా, 2020 జనవరి నుంచి 10 శాతం, 2021 జనవరి నుంచి 5 శాతం. 2022 జనవరి 1తో అదీ పోయింది. పట్టికలో బిల్లు లేకపోతే ఆ నెల ఆ పన్ను జేబులోంచే. అంతకుముందు ఏ ఏడాది చివర్లోనో తీరిగ్గా చూసుకున్న పని ఇప్పుడు ప్రతి నెలా, గడువులోగా, పైసాతో సహా తేలాలి. ఆమె ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముడిని కూర్చోబెట్టి, కొనుగోలు పుస్తకాన్ని 2బీతో సరిపోల్చే సాఫ్ట్‌వేర్ తయారు చేయించింది. సాఫ్ట్‌వేర్ బాగానే నడిచింది. కొనేవాళ్లు లేరు.

"అక్కా, కొంచెం డబ్బు పెట్టి యాడ్స్ వేద్దాం" అన్నాడు తమ్ముడు.

"నేను ఆ సీట్లో కూర్చున్నప్పుడు ఏ యాడ్ చూశానురా? ఇరవయ్యో తారీఖు దగ్గర పడుతుంటే కనపడ్డ వాళ్లనల్లా అడిగేదాన్ని. నాలాగా అడుగుతున్నవాళ్లు ఎక్కడున్నారో అది చూడు ముందు."

ఆ మాట విన్నాకే అతను నన్ను రాశాడు.

నా పూర్వీకుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను ఆకాశంలోంచి ఊడిపడలేదు. 19వ శతాబ్దంలో లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పత్రికల కత్తిరింపులు అందించే సంస్థలు వెలిశాయి. ఆ వృత్తిలో హెన్రీ రోమైక్ పేరు ప్రసిద్ధం. బల్లల ముందు వరసగా కూర్చున్న చదువరులు దినపత్రికలన్నీ తిరగేసి, చందాదారుల పేర్లు ఎక్కడ కనబడితే అక్కడ గుర్తు పెట్టి కత్తిరించేవారు. నటులు, రచయితలు, రాజకీయ నాయకులు తమ గురించి లోకం ఏమంటోందో తెలుసుకోవడానికి డబ్బు కట్టేవారు. 2003లో వచ్చిన గూగుల్ అలర్ట్స్ కూడా ఆ కోవలోదే. నా లోపల తిరిగే యంత్రాంగం మాత్రం 1975 నాటిది. బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ అహో, మార్గరెట్ కోరాసిక్ గ్రంథసూచికల్లో వెతకడం కోసం దాన్ని కనిపెట్టారు. వెతకాల్సిన మాటలన్నిటినీ ఒక చెట్టుగా అల్లుతారు. ఒకేలా మొదలయ్యే మాటలు ఒకే వీధిలోంచి చీలిన సందుల్లా కొంతదూరం కలిసి నడిచి తర్వాత విడిపోతాయి. ఒక మాట మధ్యలో తప్పిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదవను. అప్పటిదాకా చదివిన చివరి అక్షరాలు ఇంకే మాటకు ఆరంభం కాగలవో నాకు ముందే తెలిసి ఉంటుంది కనక నేరుగా ఆ కొమ్మ మీదికి మారిపోతాను. అందుకే పది మాటలు వెతకమన్నా వెయ్యి మాటలు వెతకమన్నా రాతను ఒక్కసారి చదివితే చాలు. నాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

కానీ ఏ మాటలు వెతకాలన్నది ఆ చెట్టుకు తెలియదు. అది మనిషే చెప్పాలి. తమ్ముడు మొదట ఇచ్చిన జాబితాలో 'జీఎస్టీ రీకన్సిలియేషన్ సాఫ్ట్‌వేర్' లాంటి పెద్ద పెద్ద మాటలున్నాయి. వాటికి దొరికినవన్నీ అలాంటి సాఫ్ట్‌వేరే అమ్ముతున్న ఇతరుల ప్రకటనలు. ఆమె అవి చూసి జాబితా మొత్తం కొట్టేసి తను రాయడం మొదలుపెట్టింది. 'ఫైల్ చేశానంటున్నాడు', 'ఫోన్ ఎత్తడం లేదు', 'క్రెడిట్ పోయింది', 'సేఠ్ నన్ను తిడుతున్నాడు', 'ఎక్సెల్‌లో వీలుకప్ పనిచేయట్లేదు', 'రెండు రూపాయలు తేడా వస్తోంది'. ఒక్కదాంట్లోనూ సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు. చిక్కులో ఉన్నవాడికి తన చిక్కు పేరే తెలుసు. దాన్ని తీర్చే సరుకు ఒకటి లోకంలో ఉందన్న ఊహ కూడా అతనికి ఉండకపోవచ్చు. ఆ కుర్చీలో కూర్చోని వాళ్లు ఈ జాబితా రాయలేరు. నా చెట్టు ఆ రోజు నుంచే కాయడం మొదలుపెట్టింది.

చెత్తను ఏరిపారేయడం ఇంకో పెద్ద పని. '2బీ' అని వెతికితే హైదరాబాద్ నిండా 2బీహెచ్‌కే ఫ్లాట్లే. 'ఐటీసీ' అంటే లెక్కల మనుషులకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. షేర్ల మార్కెట్ వాళ్లకు కోల్‌కతా కంపెనీ. వాళ్ల సంభాషణలు మన వాటికి ఎన్నో రెట్లు. అందుకని 2బీ తర్వాత 'హెచ్' తగిలితే వదిలేయమనీ, ఐటీసీ పక్కన డివిడెండ్ అన్న మాటుంటే పక్కన పెట్టమనీ, సప్లయర్ అన్న మాటుంటే పైకి తెమ్మనీ నాకు నేర్పారు.

అన్నిటికంటే కష్టమైనది మన తెలుగువాళ్ల రాత. ఎక్కువమంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. 'రాలేదు' అన్న ఒక్క మాటలో ఒకరు ఒక 'ఏ' పెడతారు, ఒకరు రెండు పెడతారు. ఒకరు 'రావట్లేదు' అంటారు, తెలంగాణ వైపు 'వస్తలేదు' అంటారు. వీటిలో స్పెల్లింగు తేడాలను కలపడానికి 1965లో సోవియట్ గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ చెప్పిన దూరం పనికొచ్చింది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్నదే ఆ దూరం. తక్కువ దూరంలో ఉన్నవాటిని ఒకే మాటగా చూస్తాను.

ఆమె సాఫ్ట్‌వేర్‌లో బిల్లులను కలిపేదీ ఇలాంటి లెక్కే. అమ్మినవాడు తన బిల్లు నంబరులో ఏడాది, గీత, సున్నాలు, చివర 117 అని రాస్తాడు. కొన్నవాడి పుస్తకంలో ఒట్టి 117 ఉంటుంది. రెండూ ఒకటేనని కంటితో చూస్తే తెలుస్తుంది, ఎక్సెల్‌కు తెలియదు. ఆ సాఫ్ట్‌వేర్ బిల్లులను గుర్తుపడుతుంది, నేను బిల్లు దొరకని మనుషులను గుర్తుపడతాను. మేమిద్దరం తోబుట్టువులం.

ఇక ఆమె ఏం చేస్తుందో చెప్తాను. నేను తెచ్చి పెట్టిన రాతను ఆమె రెండుసార్లు చదువుతుంది. ఒకాయన ఒంగోలు నుంచి రాశాడు, ఫలానా సప్లయర్ బిల్లులు నెలల తరబడి రావడం లేదని. ఆమె జవాబు ఇలా ఉంది: "అండీ, ఆ సప్లయర్ మూడు నెలలకోసారి రిటర్ను వేసే స్కీములో ఉన్నారేమో ఒకసారి చూడండి. అలా అయితే పదమూడో తేదీలోగా ఐఎఫ్ఎఫ్ అనే వెసులుబాటు ద్వారా బిల్లు పెడితేనే మీకు ఆ నెల కనిపిస్తుంది. పెట్టకపోతే మూడు నెలలూ అయ్యాకే. నెలనెలా వేసేవారైతే పదకొండు దాటాక వేశారేమో, అప్పుడు వచ్చే నెల పట్టికలో వస్తుంది. రెండూ కాకపోతే మీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టి ఉంటారు, సవరించమని అడగండి." అందులో తన సాఫ్ట్‌వేర్ పేరు లేదు. మర్నాడు ఆయన మళ్లీ రాశాడు: "మేడమ్ గారూ, మూడు నెలల స్కీమేనండి. ఇట్లాంటివి నావి నలభై పార్టీలున్నాయి, అన్నీ చేత్తో చూసుకోవాల్సిందేనా?" సాఫ్ట్‌వేర్ సంగతి ఆమె ఎత్తింది అప్పుడే, అదీ తనే తయారు చేసిందని ముందుగా చెప్పి. రెడిట్‌లో చాలాకాలం ఒక మర్యాద సూత్రం చలామణీలో ఉండేది. పది మాటలు మాట్లాడితే ఒకటికి మించి సొంత సరుకు గురించి ఉండకూడదని. ఆమె ఆ ఒకటి కూడా అడిగితేనే వాడుతుంది.

తమ్ముడికి తొందర ఎక్కువ. మనిషిలా రాసే కృత్రిమ మేధ చేతికొచ్చాక అతను అడిగాడు: "అక్కా, వెతకడం దీని చేత చేయిస్తున్నాం కదా, జవాబు కూడా దీని చేతే ఇప్పిస్తే? రాత్రి రెండింటికి అడిగినా రెండున్నరకు జవాబు పోతుంది."

"ఆ జవాబు తప్పయితే ఆ మనిషి కట్టాల్సిన వడ్డీ నువ్వు కడతావా? పైగా వాళ్లు ఒక మనిషి వింటారని అడుగుతున్నారురా. మనిషే వినాలి."

నేను ఆమె పక్షం. యంత్రం అల్లిన ఇలాంటి అతుకుల జవాబులు ఇప్పుడు నేను చదివే చోట్లన్నిటా పడుతున్నాయి. ప్రశ్నను తిరగరాసి మెచ్చుకుని, చివర ఒక సరుకు పేరు తగిలిస్తాయి. వాటి కింద మనుషుల మాటలు తగ్గిపోతాయి. అడిగినవాడు రెండోసారి అడగడు. అతను అడగడం మానేస్తే నేను వినడానికి ఏమీ మిగలదు. సంభాషణను వెతికి బతికేవాళ్లు దాన్ని చంపకూడదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

నేను వెళ్లని చోట్లు కూడా ఉన్నాయి. అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇవే మాటలు ఇంకా జోరుగా సాగుతాయి. తమవాళ్ల మధ్య అనుకుని రాసుకున్నది తీసుకురావద్దని ఆమె ఖచ్చితంగా చెప్పింది. బహిరంగమైన చోట్ల కూడా తలుపులు మునుపటిలా బార్లా తెరిచి లేవు. 2023లో ట్విటర్ (ఇప్పటి ఎక్స్) ప్రోగ్రాములకు ఉచిత ప్రవేశాన్ని చాలావరకు ఆపి నెలకు 100 డాలర్ల నుంచి ధరలు పెట్టింది. రెడిట్ అదే ఏడాది జులై 1 నుంచి వెయ్యి అభ్యర్థనలకు 24 సెంట్లు అంది. రెడిట్ చదవడానికి ఎంతోమంది వాడిన అపోలో యాప్ ఆ ముందురోజే మూతపడింది. ఆమె లెక్క వేసుకుని, నేను చదివే చోట్లు తగ్గించి, ఉన్న చోట్ల మాటల జాబితాను ఇంకా పదునుపెట్టింది. తెచ్చే రాతలు తగ్గాయి కానీ ఆమె జవాబిచ్చేవి తగ్గలేదు.

చట్టం మారినప్పుడల్లా నా చెట్టుకు కొత్త కొమ్మలు కావాలి. 2024 అక్టోబరులో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చింది. అమ్మినవాడు చూపిన బిల్లును కొన్నవాడు ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వారం తిరక్కుండానే జనం మాటలు మారిపోయాయి. 'చూసుకోకుండా రిజెక్ట్ కొట్టేశాను' అన్న వాక్యం అంతకుముందు ఈ లోకంలోనే లేదు. ఆ సిస్టమ్ గురించిన ప్రకటన చదివిన రాత్రే ఆమె, ఎవరు ఎలా బాధపడబోతున్నారో ఊహించి, వాళ్లు రాయబోయే మాటలను నాకు ముందే ఇచ్చింది. వాటిలో సగానికి పైగా నిజంగానే వచ్చాయి.

ఇప్పుడు ఆమెకు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు పురుగుమందుల, ఎరువుల, ఇనుము వ్యాపారుల దగ్గర లెక్కలు రాసేవాళ్లు చాలామంది ఖాతాదారులు. కొత్తగా చేరిన ప్రతివారి మొదటి నెల పట్టికనూ ఆమె ఫోన్‌లో పక్కన ఉండి తనే కలిపిస్తుంది. 2013లో పాల్ గ్రాహం రాసిన ప్రసిద్ధ వ్యాసం గురించి తమ్ముడు ఒకసారి చెప్పాడు. ఎయిర్‌బీఎన్‌బీ స్థాపకులు న్యూయార్క్‌లో ఇల్లిల్లూ తిరిగి కొత్తవాళ్లను చేర్చుకున్న సంగతి అందులో ఉందట. ఆమె విని, "మరి తిరక్కపోతే ఎట్లా తెలుస్తుంది?" అంది.

ఈమధ్య నేనొక రాత తెచ్చాను. ఖమ్మం నుంచి ఎవరో కొత్త అకౌంటెంట్, పాత ప్రశ్నే. ఆమె జవాబు రాయడానికి కూర్చునేలోపే కింద ఇంకొకరు రాసేశారు. ఒంగోలు ఆయనే. మూడు నెలల స్కీము సంగతి, పదమూడో తేదీ సంగతి విడమర్చి చెప్పి, తను వాడే సాఫ్ట్‌వేర్ పేరూ చెప్పి, చివర ఇంకో మాట చేర్చాడు: "సీజన్ అయ్యాక కంపెనీలు డిస్కౌంట్ల కింద పంపే క్రెడిట్ నోట్లు మాత్రం ఇది సరిగ్గా కలపదు. అవి మీరు చేత్తోనే చూసుకోండి."

ఆమె ఆ చివరి వాక్యాన్ని తమ్ముడికి పంపి వెంటనే ఫోన్ చేసింది. "చేస్తున్నవన్నీ పక్కన పెట్టరా. క్రెడిట్ నోట్లు ముందు చూడు. పద్నాలుగు లోపల కావాలి." ఆ ఫోన్ పెట్టేసి, ఒంగోలు ఆయన నంబరు తీసింది, ఏ కంపెనీ నోట్లు కలవడం లేదో అడగడానికి.