గానుగెద్దు విహారయాత్ర

శుక్రవారం పొద్దున ఏడు గంటలు. కువైట్‌లో జాబ్రియా అనే పేటలో ఒక అపార్ట్‌మెంటు ముందు తెలుగు కుటుంబం ఒకటి బూట్ల తాళ్లు బిగించుకుంటోంది. ఫిబ్రవరి 25 కువైట్ జాతీయ దినం, 26 విముక్తి దినం. వాటి పక్కన వారాంతం కూడా వచ్చి చేరితే నాలుగు రోజుల సెలవు. ఊరెళ్లి రావడానికి చాలదు, ఇంట్లో కూర్చుంటే గడవదు. ఇంటాయన ఫోన్ తీసి మ్యాపు మీద వేలితో ఒక సున్నా చుట్టాడు. ఎదురు విల్లాలో రబ్బరు పైపుతో వాకిలి కడుగుతున్న రాయచోటి ఆమె వీళ్లను ఒక చూపు చూసి మళ్లీ పనిలో పడింది.

ఆ సున్నా పేరు సర్క్యులర్ వాక్. నియమాలు తేలికే. బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి, వెళ్లిన దారిన మాత్రం రాకూడదు. దారి పొడవునా అందం ఉండాలి. అది లేకపోతే ఫొటో తీసేవాళ్లు సర్దుకోవాలి. మన పల్లెల్లో ఈ పనిని తరతరాలుగా గానుగెద్దు ఏ యాప్ సాయం లేకుండానే చేసింది. కాకపోతే ఎద్దు తిరిగితే నూనె వచ్చేది. పైగా దాని కళ్లకు గంతలు కట్టేవారు కాబట్టి ప్రకృతి సౌందర్యం గురించి ఎవరికీ ఉపన్యాసం ఇచ్చేది కాదు.

సున్నాలు చుట్టడానికి కువైట్‌ను మించిన దేశం లేదు, కాగితం మీద. 1952లో మినోప్రియో, స్పెన్స్‌లీ, మక్‌ఫర్లేన్ అనే బ్రిటిష్ ప్లానర్లు ఈ నగరానికి రింగు రోడ్ల ప్లాను గీశారు. 1920లో జనమంతా కూడి కట్టుకున్న మట్టి ప్రాకారాన్ని 1957లో పడగొట్టారు. దర్వాజాలు మాత్రం గుర్తుగా మిగిలాయి. ఆ ప్రాకారం జాడలోనే మొదటి రింగు రోడ్డు వచ్చింది. దాని తర్వాత రెండు, మూడు, నాలుగు అంటూ ఏడు దాకా పోయాయి. ఒక పక్క సముద్రం అడ్డం రావడంతో వాటిలో ఒక్కటీ పూర్తి రింగు కాలేదు. రింగు రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే బయలుదేరిన చోటికి ఎప్పటికీ రారు. ఈ దేశంలో సర్క్యులర్ వాక్ చెయ్యాలన్నవాడు అక్కడే ఆగి ఒకసారి ఆలోచించాల్సింది.

మనవాళ్లు ఆగలేదు.

జాబ్రియాకు ఉత్తరాన నాలుగో రింగు, దక్షిణాన ఐదో రింగు, అటూ ఇటూ రెండు ఎక్స్‌ప్రెస్ రోడ్లు. అవతల హవల్లి కనిపిస్తూనే ఉంటుంది. కాలినడకన చేరాలంటే వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి. కాబట్టి నడక బృందం లోపల్లోపలే తిరగాలి. లోపల ఫుట్‌పాత్‌లున్నాయి. వాటి మీద కొన్ని విల్లాల వాళ్లు ఖర్జూరం చెట్లు నాటారు, కొందరు కంచె కట్టి పచ్చగడ్డి పెంచారు, కొందరు కార్లకు రేకుల షెడ్లు వేశారు. నడిచేవాళ్లు పది అడుగులు ఫుట్‌పాత్ మీద, ఇరవై అడుగులు రోడ్డు మీద ఎక్కుతూ దిగుతూ పోతారు. దీన్ని ఇంటికొచ్చాక ‘ఎత్తుపల్లాల దారి’ అని రాసుకుంటారు.

దృశ్యాలకు లోటేమీ లేదు. జమియా అనే సహకార దుకాణం దగ్గర బండ్లు, మసీదు మినారు, ముబారక్ ఆసుపత్రి, పక్కన వైద్య కళాశాల, బ్లడ్ బ్యాంకు. ప్రతి మలుపులోనూ సెల్ఫీ. ఫొటోలన్నీ కలిపి చూస్తే ఎవరికో ఒంట్లో బాగాలేక కుటుంబమంతా ఆసుపత్రి చుట్టూ తిరిగినట్టుంటుంది.

నిజానికి జాబ్రియాలో చూడాల్సింది ఒకటుంది. బ్లాక్ 12లో తారిఖ్ రజబ్ మ్యూజియం. 1980లో తెరిచిన ప్రైవేటు సేకరణ ఇది. నేలమాళిగలో అరబ్బీ రాతప్రతులు, మట్టిపాత్రలు, నగలు, దుస్తులు ఉంటాయి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు నగరంలో జాతీయ మ్యూజియాన్ని దోచుకున్నారు, తర్వాత అది మంటల పాలైంది. ఇక్కడ మాత్రం ఇంటివాళ్లు తలుపు ఆనవాలు తెలియకుండా గోడ కట్టేశారు. ఆక్రమణ సాగిన ఏడు నెలలూ ఆ సేకరణ సైనికుల కంటబడలేదు. నడక బృందం కంటబడకుండా ఉండటానికి దానికి గోడ కూడా అక్కర్లేకపోయింది. యాప్ గీసిన గీత మీద అది లేదు, అంతే.

ఫిబ్రవరి దాటితే ఈ అభిరుచి ఏసీలోకి మారుతుంది. 2016 జులై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి ఖాయం చేసింది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెడుతుంది. అప్పుడు సున్నా చుట్టడానికి మాల్ కావాలి. అదృష్టంకొద్దీ దగ్గర్లోనే 2009లో తెరిచిన మాల్ ఉంది, దాని పేరే 360. డిగ్రీలన్నీ బోర్డు మీదే రాసి ఉన్నాయి. గడియారాల కొట్టు దగ్గర మొదలై గడియారాల కొట్టు దగ్గరే ముగిసే నడకకు ఇంతకన్నా సూటి ఆహ్వానం ఎవరిస్తారు?

ఇక లెక్క. రోజుకు పదివేల అడుగులు పడకపోతే సెలవు వృథా అన్న నమ్మకంతో రాత్రి పదకొండుకు హాల్లో సోఫా చుట్టూ తిరిగి లెక్క సరిచేసేవాళ్లున్నారు. ఈ పదివేలు ఏ వైద్యుడూ రాసిన చీటీ కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టింది. పేరు ‘మాన్‌పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు పేరు కాస్తా శాస్త్రమైంది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశీలనలో 7,500 అడుగుల దగ్గరే ఫలితం ఇంక పెరగకుండా ఆగింది. మిగతా 2,500 సోఫాకు పుణ్యం.

ఈద్‌కు సెలవులు పెద్దగా దొరికితే సున్నా విమానమెక్కుతుంది. జార్జియా, అజర్‌బైజాన్ ఇక్కడి నుంచి దగ్గర. టిబిలిసిలో తాబేళ్ల చెరువని ఒకటుంది. దాని చుట్టూ తిరిగి వచ్చినవాళ్లు ఆ గాలి, ఆ నీళ్లు అంటూ వారం రోజులు చెబుతారు. అదే మనిషిని సొంత ఊళ్లో చెరువు కట్ట మీద నాలుగడుగులు వేసి రమ్మంటే దోమలంటాడు, బురదంటాడు, స్కూటీ తాళం అడుగుతాడు.

తెలుగువాళ్లకు చుట్టూ తిరగడం కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడుస్తారు, చాలామంది చెప్పుల్లేకుండా. అరుణాచలంలో చుట్టు 14 కిలోమీటర్లు. ఆ నడకలో కొండ మధ్యలో ఉంటుంది, మనిషి చుట్టూ తిరుగుతాడు. సెలవు నడకలో మనిషి మధ్యలో ఉంటాడు, కొండ వెనకాల నిలబడి ఫొటోకు పోజు ఇస్తుంది. వానలో తడిసి, పాదాలు బొబ్బలెక్కి తెల్లారేసరికి మెట్ల దగ్గరికి చేరిన ముసలమ్మ ఎన్ని కేలరీలు కరిగాయని ఎవర్నీ అడగదు.

సరదా నడకకు పుట్టిల్లని చెప్పుకునే ఇంగ్లండులో కూడా అది సరదాగా దొరకలేదు. అక్కడి కొండభూములు దొరల వేట మైదానాలు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు కొన్ని వందల మంది ఆంక్షలు లెక్కచేయకుండా కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. కాపలాదారులతో తోపులాట జరిగింది, ఐదుగురు జైలుకెళ్లారు. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్కయింది. వారమంతా మిల్లులో నిలబడినవాళ్లు ఆదివారం గాలి పీల్చుకోవడం కోసం కొట్లాడి తెచ్చుకున్న నడక అది. ఇవాళ దాన్ని మడతపెట్టి గైడు పుస్తకంలో పెట్టారు, చివర టీ కొట్టు గుర్తుతో సహా.

జాబ్రియాలోనూ వారమంతా నిలబడేవాళ్లున్నారు. కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా, అంటే ఇంటి పని వీసా మీద వచ్చినవాళ్లు. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. చట్టం బాగుంది. ఆ వారం సెలవు మామా, అంటే ఇంటి యజమానురాలి నోట రావాలి. వస్తే శుక్రవారం బస్సెక్కి నగరంలోని మాలియా వెళ్లి, ప్రార్థనకు కూర్చుని, ఊరికి డబ్బు పంపి, తన జిల్లా మాట పదిమందితో మాట్లాడి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అదీ సున్నాయే, బయలుదేరిన గేటు దగ్గరే ముగుస్తుంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

మిగతా ఆరు రోజుల సున్నాల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాకిలి నుంచి వంటింటికి, మేడ మీదికి, బట్టలతో మళ్లీ కిందికి, ఖుబుస్ రొట్టె కోసం జమియాకు, సాయంత్రం పిల్లాడి బండి తోసుకుంటూ బ్లాకు చుట్టూ. ఇంటాయన అడుగుల గడియారాన్ని ఒక్క రోజు ఎదురు విల్లా ఆమె చేతికి కట్టి చూస్తే, పదివేలు పూర్తయ్యాయని అది మోగే వేళకు ఆయన ఇంకా పళ్లు తోముకుంటూ ఉంటాడు.

ఎనిమిదిన్నరకు నడక బృందం బయలుదేరిన చోటికే చేరింది. ఎక్కడేసిన గొంగళి అక్కడే ఉంది. ఇంటాయన నడుం మీద చేతులు వేసుకుని, ఆయాసపడుతూ, యాప్‌లో ‘పూర్తయింది’ నొక్కి, మ్యాపు మీద సున్నా సరిగ్గా కలిసిందో లేదో చూస్తున్నాడు. ఎదురు విల్లా ఆమె అప్పుడే ఖుబుస్ సంచీతో జమియా నుంచి వస్తూ ఆయన చెమట చూసి ఆగింది.

“ఏమన్నా, బండి చెడిపోయిందా?”

“లేదమ్మా, ఊరికే అట్లా తిరిగొచ్చినాం.”

“ఊరికేనా?” అని ఆమె ఒకసారి ఆయన బూట్లకేసి, ఒకసారి నీడలో నిలిపిన కారుకేసి చూసింది. లోపల్నుంచి ఎవరో పిలిచారు. గేటు మూసుకుంది.