ఎవరి తెరకు తగ్గట్టు

బిల్ జాయ్ బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకుంటూ 1976లో వీఐ అనే ఎడిటర్ రాయడం మొదలుపెట్టాడు. వాడిన టెర్మినల్ లియర్ సీగ్లర్ వాళ్ల ఏడీఎం-3ఏ. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 లైన్లు. బాణం గుర్తులకు విడిగా మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే వాటిని ముద్రించారు. వీఐలో కర్సర్ నేటికీ ఆ నాలుగు మీటలతో కదలడానికి కారణం అదే.

అసలు చిక్కు టెర్మినల్‌ను కంప్యూటర్‌కు కలిపే ఫోన్ లైనుతో వచ్చింది. 300 బాడ్ మోడెం సెకనుకు 30 అక్షరాలు పంపుతుంది. తెర నిండడానికి 1,920 అక్షరాలు కావాలి. అంటే ఒక్క పేజీ కిందికి జరిగితే నిమిషం పైనే కాచుకోవాలి. అందుకని లైను నెమ్మదిగా ఉన్నచోట 8 లైన్లలోనే పని జరిగిపోయేలా అమర్చాడు. 1200 బాడ్‌కు 16 లైన్లు, అంతకు మించిన వేగముంటే తెర నిండా. ఆ లెక్క నచ్చనివాళ్లు డబ్ల్యూ300, డబ్ల్యూ1200, డబ్ల్యూ9600 అనే సెట్టింగుల్లో తమకు కావలసినన్ని లైన్లు పెట్టుకోవచ్చు.

అప్పట్లో టెర్మినళ్లు కంపెనీకొక రకం. తెర కొలతలు వేరు, తెర తుడిచే సంకేతాలు వేరు. వాటన్నిటినీ టెర్మ్‌క్యాప్ అనే ఒక్క ఫైల్లోకి చేర్చాడు. కొత్త టెర్మినల్ వస్తే ఎడిటర్‌ను ముట్టుకోనక్కర్లేదు, అందులో ఒక పద్దు రాస్తే చాలు. తన తెరకు సరిపడా రాసుకుని ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. అయినా ఇంత శ్రద్ధ పెట్టాడు, అది గొప్ప విషయం.

అన్నిటికన్నా నాకు నచ్చేది మరొకటుంది. పని మధ్యలో ఫోన్ తెగినా, సిస్టం కూలినా వీఐ ఆ ఫైలును పక్కన దాచేది. దాచిపెట్టానని మెయిల్ కూడా పంపేది. మళ్లీ లాగిన్ అయి 'వీఐ మైనస్ ఆర్' అని, పక్కన ఫైలు పేరు కొడితే పోయిందనుకున్న రాత తెర మీదికి వచ్చేసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే బర్క్‌లీలో, వ్యాక్స్ కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు టేపు డ్రైవ్ పాడైంది. బ్యాకప్‌లు ఆగిపోయాయి. ఒక ప్రోగ్రామర్ మాత్రం పని ఆపలేదు. తన ప్రోగ్రాంలో తెరకు సంబంధించిన కోడ్ దాదాపు అంతా తిరగరాసేశాడు, ఇంకాస్తలో ముగిసేది. అంతలో సోర్సు కోడ్ ఛిన్నాభిన్నమైంది. చూసి తిరిగి ఎక్కించుకుందామంటే పూర్తి ప్రింటు కూడా లేదు. ఇక చేతులెత్తేశాడు. పాత వెర్షన్‌కే వెనక్కి వెళ్లి, దానికే మాన్యువల్ పూర్తిచేసి, అక్కడితో ఆ ప్రోగ్రాంకు మంగళం పాడాడు. 1984లో యునిక్స్ రివ్యూ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో ఈ సంగతి తనే చెప్పాడు.

ఆ ప్రోగ్రామర్ బిల్ జాయ్. పోయిన సోర్సు వీఐది.