పదిహేను గజాల పట్టా

హైదరాబాద్‌లో మా కాలనీ రోడ్డును వన్‌వే చేసి, ఒక పక్క పార్కింగ్ ఎత్తేస్తామంటూ ట్రాఫిక్ పోలీసులు బోర్డు పాతారు. ఆ సాయంత్రానికే కాలనీ అంతా ఒక్కటై ధర్నాకు దిగింది. బోనాల చందా దగ్గర కూడా కుదరని ఐకమత్యం!

"ఇరవై ఏండ్ల సంది ఈడనే పెడుతున్నం సార్, ఇప్పుడు యాడ పెట్టమంటరు?" అని ఎస్సైని నిలదీసిన పెద్దాయన బిల్డింగుకు సెల్లార్ ఉంది. అందులో కర్రీ పాయింటు, ఇస్త్రీ బల్ల, టైలర్ షాపు ఉన్నాయి. నెల తిరిగేసరికి అద్దెలొస్తాయి. కారేమో వీధిలో వానకు తడుస్తుంది, పాపం.

కారు నిలపాలంటే ఐదు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు కావాలి. అంటే 15 గజాలు. గజం లక్ష పలికే చోట 15 లక్షల జాగా. చాలా కార్లకంటే వాటి కింది నేలే ఖరీదు! జపాన్‌లోనైతే 1962 నాటి చట్టం ప్రకారం చోటు చూపిస్తేనే కారు రిజిస్టరవుతుంది. మన దగ్గర రెండు పూలకుండీలు, ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెడితే పట్టా చేతికొచ్చినట్టే.

ధర్నాకు పక్క కాలనీవాళ్లూ కార్లేసుకుని వచ్చి మద్దతిచ్చారు. తిరిగి వెళ్లేటప్పటికి రెండు కార్ల టైర్లలో గాలి లేదు. వాటిని నిలిపింది పెద్దాయన గేటు ముందు. గేటు మీద రాసే ఉంది: "ఇచ్చట వాహనములు నిలిపినచో గాలి తీయబడును."