ఇంకొక్కసారి

ఏలూరులో మా దుకాణం గల్లాపెట్టె సొరుగులో ఒక పొడుగు పుస్తకం ఉంది. చేపల చెరువుల రైతులకి మేత అరువిచ్చినప్పుడు రాసుకునే ఖాతా పుస్తకం. దాన్ని వెనక నుంచి తిప్పి ముప్పై రెండు పేజీలు మారిషస్ ప్రయాణం కోసం నింపాను. రైలు వేళలు, విమానం వేళలు, ఎవరి సంచిలో ఏం సర్దాలి, మా ఆవిడ బీపీ మాత్రలు ఏ పూటకెన్ని, అన్నీ అందులో ఉన్నాయి. అందులో ఒక్క రోజుకే ఐదు పేజీలు పట్టాయి. ఆ రోజు తారీఖు పక్కన ఎర్ర సిరాతో ‘డాల్ఫిన్లు’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఆ రోజు నేను చేసిన పని పడవలో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఏడాది దాటింది. ఇంక చెప్పుకోకుండా ఉండలేను.

2024లో నాకు అరవై నిండాయి. షష్టిపూర్తి చేస్తామని అమ్మాయీ అల్లుడూ అన్నారు. హాలు, పురోహితుడు, ఐదొందల మందికి భోజనాలు. ఆ డబ్బుతో మనవరాల్ని ఎక్కడికైనా తీసుకెళదాం అన్నాను నేను. దానికి తొమ్మిదేళ్లు. వాళ్లు తాడేపల్లిగూడెంలో ఉంటారు. ఒక ఆదివారం ఫోన్లో డాల్ఫిన్ల వీడియో చూస్తూ, “తాతయ్యా, వీటితో కలిసి ఈదొచ్చా?” అని అడిగింది. అడిగి మరుక్షణం వేరే వీడియోకి వెళ్లిపోయింది. అది మర్చిపోయిన మాటని నేను పట్టుకున్నాను. తొమ్మిది నెలలు పట్టుకునే ఉన్నాను.

మొదట ఎవరో దుబాయ్ చెప్పారు. అక్కడ కొలనులో డాల్ఫిన్లుంటాయి, టికెట్టు కొంటే దిగి వాటి వీపు నిమరొచ్చు. నేను దాని గురించి చదివాను. రోజుకి మైళ్ల కొద్దీ ఈదే జీవాన్ని కొలనులో పెడితే ఏమవుతుందో చదివాను. చెన్నై శివార్లలో 1990ల చివర బల్గేరియా నుంచి డాల్ఫిన్లని తెచ్చి ప్రదర్శనకి పెడితే అవి ఎక్కువ కాలం బతకలేదట. గంగా నది డాల్ఫిన్‌ని మన దేశం 2009లో జాతీయ జలచరంగా ఎంచుకుంది, 2013లో కేంద్ర ప్రభుత్వం ఎక్కడా డాల్ఫిన్ ప్రదర్శనశాలలు పెట్టనివ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. అది చదివి దుబాయ్ మీద గీత కొట్టేశాను. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే వాటినే చూడాలి, వాటి చోటుకి మనమే వెళ్లాలి అని నిర్ణయించుకున్నాను. అలా నిర్ణయించుకున్నందుకు నా మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. దుకాణానికొచ్చిన వాళ్లందరికీ ఈ తేడా విడమరిచి చెప్పేవాణ్ణి. అక్కడితో చదవడం ఆపేశాను. నా తప్పు మొదలైంది అక్కడే.

మారిషస్ పడమటి తీరంలో తమరిన్ అనే చిన్న అఖాతం ఉంది. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం చింత. తెల్లారగట్లే పడవలు బయల్దేరతాయి, డాల్ఫిన్లు పొద్దున పూట ఒడ్డుకి దగ్గరగా ఉంటాయి, తొమ్మిదీ పదీ దాటితే దొరకవు అని చదివాను. పొద్దున పూటే ఎందుకుంటాయి అని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు కావలసింది వేళ. అది పుస్తకంలో రాసుకున్నాను.

మనవరాలికి ఈత రాదు, నీళ్లంటే భయం కూడా. ఆరు నెలలు ప్రతి శనివారం సాయంత్రం తాడేపల్లిగూడెం వెళ్లి దాన్ని ఏలూరు తీసుకొచ్చి, ఆదివారం పొద్దున్నే ఈత కొలనులో దింపేవాణ్ణి. మొదటి నెలంతా మెట్టు వదల్లేదు. నేను కొల్లేటి ఒడ్డున పుట్టినవాణ్ణి, ఉప్పుటేరులో ఎదురీదినవాణ్ణి, నా మనవరాలు నీళ్లకి భయపడటమేమిటని పట్టుదల. ఏడిస్తే ఐస్‌క్రీం. ఇంకా ఏడిస్తే ‘డాల్ఫిన్లు నీకోసం ఎదురు చూస్తుంటాయి’. ఆ మాట నేనే కల్పించి చెప్పాను. అది నమ్మింది.

ఇంకొకటి కూడా రాయాలి. అంతకు రెండేళ్ల ముందు చిన్నతిరుపతి సత్రంలో మాకు మారిషస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. రిటైరైన మాస్టారు. సింహాచలం అప్పన్నని చూసుకుని అక్కడికి వచ్చారు. ఆయన ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కి చెరుకు తోటల్లో కూలికి వెళ్లిన మనిషి. అక్కడ తెలుగువాళ్లని ఒకప్పుడు ఆ రేవు పేరుతోనే కోరంగీలనేవారట. ముత్తాత ఊరేదో కాగితాల్లో ఉందిగానీ, తెల్లదొరలు రాసిన స్పెల్లింగుని బట్టి అది ఏ ఊరో ఆయన పోల్చుకోలేకపోయారు. నేనూ పోల్చలేకపోయాను. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, మా దీవికి వస్తే మా ఇంట్లో ఒక్క పూట భోంచెయ్యాలి అన్నారు. ప్రయాణం ఖాయమయ్యాక ఫోన్ చేశాను. వాళ్లావిడ మాతో ఏదో అంటుంటే ఆయన నవ్వుతూ, అరిటాకులో ఏడు కూరలు పెడతానంటోంది అన్నారు. ఆయనకి కుదిరిన రోజు నా ఎర్ర సిరా రోజే. మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తామన్నాను. పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాను.

ఆ రోజు నాలుగింటికే లేచాం. పడవలో మేం నలుగురం, నడిపే అబ్బాయి. మా అల్లుడికి సెలవు దొరక్క రాలేదు. అఖాతం నిశ్చలంగా ఉంది. వెనక కొండ మీద ఇంకా ఎండ పడలేదు. ఏడు కాకముందే అవి కనిపించాయి. ముందు ఒక వీపు, పక్కనే ఇంకోటి, తర్వాత పది, పదిహేను. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెల్లగా, చాలా మెల్లగా వెళ్తున్నాయి. నీళ్లపైకి తేలి ఊపిరి వదిలినప్పుడు ‘ఫుస్’మని చిన్న చప్పుడు. చాలామంది ఒక్క గదిలో పడుకుంటే వినిపించే ఊపిరిలా ఉంది. ఆ పోలిక నాకు అప్పుడే తట్టింది. తట్టినా ఆగలేదు.

ఆ గంటలో డజను పైగా పడవలు వచ్చాయి. ఒక్కోటీ మంద ముందుకెళ్లి అడ్డంగా ఆగడం, మనుషులు దబదబా దూకడం, మంద మునిగిపోవడం, ఎక్కడో దూరంగా తేలడం, మళ్లీ పడవలన్నీ మోటార్లు రేపి అటు పరిగెత్తడం. మేమూ దిగాం. మొదటిసారి దిగినప్పుడు నాకు నీలం తప్ప ఏమీ కనిపించలేదు. రెండోసారి మనవరాలు ఉప్పునీళ్లు మింగి దగ్గింది. మూడోసారి నా కింద నుంచి వెళ్లాయి. బూడిదరంగు వీపు, లేతరంగు పక్క, తెల్లటి పొట్ట, సన్నటి పొడుగు మూతి. ఒక తల్లి పక్కన దాని పిల్ల అతుక్కున్నట్టు ఉంది. మూరన్నర ఉంటుందేమో. తల్లి ఒక్కసారిగా కిందికి దూసుకుపోతే పిల్ల ఒక్క క్షణం వెనకబడింది. తోక గబగబా కొట్టుకుంటూ తల్లి వెనక పడింది. దాని కన్ను నాకు కనిపించింది. తెరిచే ఉంది.

పడవలోకి ఎక్కాక ఆ అబ్బాయి ఇంగ్లిషులో అన్నాడు, ఇంక చాలు సార్, అవి అలిసిపోయాయి, పిల్ల కూడా ఉంది, వదిలేద్దాం అని. మా ఆవిడ కూడా పడవలో తువ్వాలు పట్టుకుని కూర్చుని, ఇంక వెళదామండీ అంది. మనవరాలు వణుకుతోంది, పెదాలు నీలం తిరిగాయి. దానికి డాల్ఫిన్లు అసలు సరిగ్గా కనిపించలేదు. అదే నన్ను పట్టుకుంది. తొమ్మిది నెలలు, ఐదు పేజీలు, ఆరు నెలల ఆదివారాలు, ఇన్నీ పెట్టి బిడ్డకి చూపించకుండా తిరిగెళ్లడమా? జేబులోంచి వెయ్యి మారిషస్ రూపాయలు తీసి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. “ఇంకొక్కసారి” అన్నాను. తీసుకోవడానికి తటపటాయించాడు. చెయ్యి మూసి మరీ పెట్టాను. అలా మూడుసార్లు అడిగాను. డబ్బు మాత్రం ఒక్కసారే ఇచ్చాను. మిగతా రెండుసార్లకి నా వయసు చూసి మొహమాటపడి తిప్పాడు.

వేరేవాళ్ల మీద నెట్టడానికి నాకు ఏమీ మిగల్లేదు. పడవవాడు వద్దన్నాడు. పెళ్లాం వద్దంది. పసిపిల్ల వణికింది. వెంటపడింది నేను.

ఆ పరుగుల్లో పది దాటింది. మనవరాలికి జ్వరం తగిలింది. హోటలుకి వెళ్లి మందేసి పడుకోబెట్టేసరికి మధ్యాహ్నం రెండు. నాలుగున్నరకి గానీ మాస్టారి ఊరు చేరలేదు. గుమ్మంలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆవిడకి తెలుగు పది మాటల కంటే రాదు. ‘రా, కూచో, తిను’ అని ఒక్కొక్క మాటే ఏరి ఏరి అంది. అరిటాకులు కడిగి బోర్లించి ఉన్నాయి. తెచ్చి వేశారు. చల్లారిన కూరలు మళ్లీ వేడి చేసింది. గుమ్మడికాయ, ఆకుకూర, పప్పు, చింతపండు పులుసు. మాకు వడ్డించాక తను కూడా ఆకు వేసుకుంది. అప్పుడర్థమైంది, ఆవిడ ఇంతసేపూ తినలేదు.

ఆలస్యానికి కారణం చెప్పాలి కదా. డాల్ఫిన్ల సంగతి చెప్పాను. గొప్పగానే చెప్పాను. మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెలుగూ ఇంగ్లిషూ కలిపి, పాఠం చెప్పే పద్ధతిలో, ఏ మాత్రం కోపం లేకుండా చెప్పారు. ఇవి స్పిన్నర్ డాల్ఫిన్లు, రాత్రంతా లోతు సముద్రంలో వేటాడతాయి. లోతు నుంచి చిన్న చేపలూ రొయ్యలూ చీకట్లో పైకొస్తాయి, వాటి కోసం. తెల్లారేసరికి ఇసక నేల ఉన్న అఖాతాల్లోకి వస్తాయి, అక్కడైతే సొరచేప వస్తే దూరం నుంచే కనబడుతుందని. వచ్చి పడుకుంటాయి. ఊపిరి కోసం పైకి రావాలి కాబట్టి మనలా పూర్తిగా పడుకోలేవు. మెదడు సగం పడుకుంటే సగం మెలకువగా ఉంటుంది. అందుకే అంత మెల్లగా, అంత దగ్గర దగ్గరగా ఈదుతాయి. “పొద్దున వాటికి రాత్రి బాబూ” అన్నారు.

నా చేతిలో ముద్ద ఉంది. మింగలేకపోయాను.

ఇంటికొచ్చాక మిగతాదంతా చదివాను. హవాయి దీవుల్లో ఇదే జాతికి ఇదే బాధ. ఆ నిద్ర చెడితే రాత్రి వేటకి సత్తువ ఉండదనీ, పిల్లల్ని సాకడం కష్టమవుతుందనీ ఏళ్ల తరబడి చూసి, 2021లో అమెరికా ప్రభుత్వం యాభై గజాల లోపు ఎవరూ వెళ్లకూడదని నిబంధన పెట్టింది. నేను బయల్దేరడానికి మూడేళ్ల ముందే ఇదంతా ఉంది. వెతికితే ఒక్క పూటలో దొరికేది.

కానీ ఇది తెలుసుకోవడానికి నాకు హవాయి నిబంధన కావాలా? నేను కొల్లేటివాణ్ణి. మా ఊరి తాటిచెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టేవి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త మా ప్రాంతంలో వాటి కాలనీని చూసేనాటికి దాదాపు మూడు వేల పక్షులున్నాయట. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ధనుర్మాసంలో, నలుగురం పిల్లలం పాత కిరసనాయిలు డబ్బా పట్టుకుని చెట్ల కిందికి చేరి కర్రలతో వాయించాం. ఒక్కసారిగా లేచాయి. ఆకాశం కనిపించలేదు. ఆ రెక్కల గాలికి నా చొక్కా కదిలింది. కేరింతలు కొట్టాం. పక్షులు తిరిగొచ్చేలోపు కాకులు దిగాయి. ఒక గుడ్డు నా కాళ్ల దగ్గర పడి పగిలింది. సున్నం పూసినట్టు తెల్లటి పెంకు, లోపల అప్పటికే రూపం కట్టిన పిల్ల.

నాన్న నన్ను కొట్టలేదు. చీకటి పడేదాకా ఆ చెట్టు కింద కూర్చోబెట్టారు, తిరిగొచ్చేవాటిని లెక్కపెట్టమని. “పొదిగే పిట్టని లేపకూడదురా” అన్నారు, అంతే. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకి, 1975 ప్రాంతంలో, ఆ కాలనీ ఖాళీ అయింది. అది మా డబ్బా వల్లేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. దానికి వేరే కారణాలుంటాయి. చెరువు గట్లు కొల్లేటిని ఏం చేశాయో, ఆ గట్ల మీద మేత అమ్మి బతికిన నా వాటా ఎంతో, అది ఇంకోసారి కూర్చుని రాయాలి.

గూడబాతులు మళ్లీ వచ్చాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్తే ఇప్పుడు గూళ్ల నిండా ఉంటాయి. చలికాలం చుట్టాలెవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను. పడవ గూళ్ల వైపు తిరిగితే చాలు, దూరంగా ఆపు బాబూ, పిల్లలున్నాయి అని అందరికంటే ముందు నేనే అంటాను. ప్రతి ఏడూ అంటాను. తమరిన్‌లో అదే నోటితో ఇంకో మాట అన్నాను. ఇక్కడ పొదిగే పిట్టని గుర్తుపట్టిన కన్ను అక్కడ నిద్రపోయే తల్లిని ఎందుకు గుర్తుపట్టలేదో నాకు తెలుసు. ఇక్కడ నేను ఊరివాణ్ణి. అక్కడ డబ్బిచ్చి వచ్చినవాణ్ణి.

ఆ రోజు మా ఆవిడ పడవలోంచి ఫోన్‌తో ఒక వీడియో తీసింది. నలభై సెకన్లు. తిరిగొచ్చాక దాన్ని ఇరవై సెకన్ల దగ్గర ఆపి అందరికీ చూపించేవాణ్ణి, వీపులు వరసగా తేలే దగ్గర. మొన్న సెలవులకి మనవరాలు ఏలూరు వచ్చినప్పుడు ఆ వీడియో అడిగింది, కొత్త స్కూల్లో స్నేహితులకి చూపిస్తుందట. పక్కన కూర్చోబెట్టుకున్నాను. డాల్ఫిన్లు నీకోసం ఎదురు చూస్తుంటాయని చెప్పింది అబద్ధమని ముందు చెప్పాను. అవి పడుకునే వేళ అని చెప్పాను. తర్వాత ఫోన్ దాని చేతికిచ్చి, ఈసారి ఆపకుండా చూడమన్నాను. ఇరవై సెకన్ల తర్వాత నీళ్లు ఖాళీగా ఉంటాయి. మోటారు రేగుతుంది. దాని మీదుగా నా గొంతు వినిపిస్తుంది, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని.