కలిపిన పెట్రోలు

మా రోజుల్లో పెట్రోల్‌లో కిరోసిన్ కలిపాడని తెలిస్తే బంకు మీద కేసు పెట్టేవాళ్లు. ఇప్పుడు సర్కారే ఐదో వంతు ఇథనాల్ కలిపి, దేశానికి మేలు చేస్తున్నారు పొమ్మంటోంది.

కలపడం మాకు కొత్తా? చేతక్ స్కూటర్‌కి టూటీ ఆయిల్‌ను బంకు కుర్రాడు కొలిచి మన కళ్లముందే పోసేవాడు. ఎంత పోశాడో, ఎందుకు పోశాడో తెలిసేది. ఇప్పుడు డిపోలోనే కలిసి వస్తోంది. మామూలు ధరకి వేరే పెట్రోలు కావాలంటే దొరకదు. బ్రెజిల్‌లో బంకు దగ్గర పెట్రోలు, ఇథనాల్ రెండూ అమ్ముతారు. ఫ్లెక్స్ ఇంజన్ కారున్నవాడు ఆ రోజు ధర చూసి తనకి గిట్టేది పోయించుకుంటాడు.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం, బైకులకి మూడు నాలుగు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదిక 2021లోనే చెప్పింది. దానికి తగ్గట్టు ధర కూడా తగ్గించాలని అందులోనే ఉంది. మైలేజీ తగ్గే ముక్క మాత్రం చక్కగా అమలైంది. ఇక ట్యాంకులో చేరిన తేమని ఇథనాల్ పీల్చుకోవడం, పాత బండి రబ్బరు గొట్టాలు పాడవడం, ఆ రామాయణం మెకానిక్‌ని అడగండి.

అలాగని ఇథనాల్‌ని నేను తిట్టను. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయట కొనుక్కునే దేశం మనది. మొక్కజొన్న రైతుకి నాలుగు డబ్బులు ఎక్కువొస్తే నాకెందుకు కడుపుమంట? పైగా ఇది ఇప్పటి ఆలోచన కూడా కాదు. పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. అప్పటి లెక్క సూటిగా ఉండేది: చెరకు రసం చక్కెరకి, మిగిలిన మొలాసిస్ స్పిరిట్‌కి. ఎవరి కంచంలోదీ తీసేవాళ్లు కాదు.

2018 విధానంతో చెరకు రసానికి, పాడైన ధాన్యానికి తలుపులు తెరిచారు. తర్వాత గోదాముల్లోని మంచి బియ్యం కూడా బాట పట్టింది. 2025లో డిస్టిలరీలకి కిలో ₹22.50కి ఇచ్చారు. నేను కిరాణా కొట్లో ఆ ధర చెబితే కొట్టువాడు నా మొహం చూసి నవ్వుతాడు. కిలో బియ్యానికి అర లీటరు ఇథనాల్ కూడా రాదాయె!

అవతల మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇవతల ఊరూరా ఇథనాల్ ఫ్యాక్టరీలంటున్నారు. నీళ్లు, గాలి ఏమవుతాయని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డెక్కితే గానీ అక్కడ పనులు ఆగలేదు. ముందే వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడితే ఏం పోయేది?

ఇరవై చాలదన్నట్టు ఇప్పుడు ఇరవై ఏడు శాతం మాట వినిపిస్తోంది. ముందు లీటరుకి ఓ నాలుగు రూపాయలు తగ్గించమనండి, సగం నోరు మూసుకుంటాను. మిగతా సగం బియ్యం సంగతి తేలాక.