గోడ మీది రంపం

నేను రంపాన్ని. వడ్రంగి చేతిలోది కాదు, చేప ముట్టెది. కోనసీమ తీరాన ఓ పెంకుటింటి వంటగదిలో మేకుకు వేలాడుతున్నాను. ఇటు పంతొమ్మిది పళ్ళు, అటు పద్దెనిమిది. ఒకటి వల లాగినప్పుడు ఊడింది. మాకు ఊడిన పన్ను మళ్ళీ మొలవదు.

నా చేపను అందరూ సొర అనేవాళ్ళు. కాదు, అది టేకు చేపల జాతి. సొరకు మొప్పల చీలికలు పక్కల ఉంటాయి, మాకు పొట్టకింద. తల్లి కడుపులో ఉన్నప్పుడే నేను ఎదిగాను. ఆమెకు గుచ్చుకోకుండా నామీద మెత్తని తొడుగు ఉండేది, పుట్టాక ఊడిపోయింది. కన్ను ఆనని బురదనీళ్ళలో నేనే చూపు. దగ్గర్లో చేప ఉంటే దాని ఒంట్లోని సన్నని విద్యుత్తు నా చర్మపు రంధ్రాలకు తెలిసేది. ఆ వెంటనే అడ్డంగా ఒక్క వేటు! అన్నం పెట్టిందీ నేనే, పట్టించిందీ నేనే. నైలాను వలలో పళ్ళు చిక్కితే విదిలించినకొద్దీ బిగుసుకుంటుంది.

మొదట్లో వీధిగుమ్మం మీద దర్జాగా ఉండేదాన్ని. 2001లో మా జాతిని వన్యప్రాణుల రక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చాక, భయపడి లోపలికి మార్చారు.

నిన్న కోడలు సంచీడు పుట్టగొడుగులు తెచ్చింది. రంపచోడవరం అడవివట. ఆ రంపకూ నాకూ చుట్టరికం లేదులెండి.

"ఉరిమితే చాలంట అత్తా, మళ్ళీ ఆ పుట్టమీదే లేస్తాయంట."

"ముందు మన్ను గీకు, పళ్ళకింద కరకరలాడుద్ది" అంది అత్త.

అసూయపడ్డాను, ఒప్పుకుంటాను. గొడుగు కోస్తే పోయేది గొడుగే. అసలు ప్రాణి పుట్టలోపల దారాల్లా అల్లుకుని ఉంటుంది. చెదపురుగులు ఎండుటాకులు మోసుకొచ్చి దాన్ని సేద్యం చేస్తాయి. పైకొచ్చిన గొడుగు నాలుగు రోజుల్లో కుళ్ళేలోపు కోట్ల బీజాలు గాలికి వదులుతుంది. మా అమ్మ ఆ ఈతలో కన్నది ఏడుగురిని. ఆ ఏడుగురూ ఈనే వయసుకు రావాలంటే ఎనిమిదేళ్ళ పైమాటే. ఏది కుప్పలుగా వచ్చినా జనం "పుట్టగొడుగుల్లా" అంటారు. మాలాంటి లెక్కకు ఇంకా సామెత పుట్టలేదు.

మనవడు నావైపు వేలు చూపించాడు. "నానమ్మా, తాత ఇలాంటిది మళ్ళీ ఎప్పుడు తెస్తాడు?"

ముసలమ్మ పలకలేదు. ఖాళీ సంచి దులిపి నా మూడో పంటికి తగిలించింది. పుట్టమన్ను ఇంకా రాలుతోంది.